కనీసం

చల్లగా ఉన్నప్పుడే చూడాలి దీని వాల్వుల సందు.
రాత్రంతా గ్యారేజీలో పడుకున్న ఇంజను
తెల్లారేసరికి ముట్టుకుంటే వేలు అంటుకునేంత చలి.
మూత విప్పి, మిల్లీమీటరులో మూడు పదో వంతుల రేకు
రాకర్ కింద దూరుస్తాను.
వెన్నలో కత్తిలా జారిపోకూడదు,
పట్టీపట్టనట్టు పట్టుకుని వదలాలి.
ఆరు సిలిండర్లు, పన్నెండు వాల్వులు,
పన్నెండుసార్లు వంచిన తీగ, పది నంబరు పానా.

టార్చి స్కైస్తె పట్టుకుంటుంది.
పక్క గ్యారేజీలో బంగాళాదుంపలు దాచుకునే ఆవిడ మనవరాలు,
పదహారేళ్ళు, గోళ్ళ కింద అప్పుడే గ్రీజు.
"ఇంకాస్త బిగిస్తే ఈ టకటక పోతుందిగా?"
"పోతుంది. వేసవికల్లా వాల్వూ కాలిపోతుంది.
చప్పుడు చేసేదే బతుకుతుంది."

మీటరు శరదృతువులోనే ఆగింది.
వేగం ముల్లు కదులుతోంది, అంకెలు మాత్రం
1,87,412 దగ్గర మొండికేశాయి.
డాష్‌బోర్డు ఊడదీస్తే
పళ్ళన్నీ రాలిన బుల్లి ప్లాస్టిక్ చక్రం.
అక్కడే, మూడో అంకె చక్రానికి ఎడమ అంచున
వడ్లగింజలో సగమంత వాలు గీత.

నా గీత.

తొంభై మూడు. మరియంపోలె కార్ల సంత.
నాకు ఇరవై రెండు.
హాంబర్గ్ నుంచీ బ్రెమెన్ నుంచీ రాత్రిళ్ళు దిగేవి బళ్ళు,
తెల్లారితే సంత.
మధ్యలో నాలుగు గంటలు నావి.
బ్రోనియస్ కొట్టంలో నూట పాతిక వాట్ల బల్బు,
మా అమ్మ కుట్టుపెట్టెలోని సూది.
లక్ష కిలోమీటర్లు వెనక్కి పోవడానికి పదకొండు నిమిషాలు,
బండికి ఇరవై మార్కులు.
"దేవుడైనా ఇంత చవగ్గా ఇవ్వడురా యౌవనం"
అనేవాడు బ్రోనియస్, నోట్లు తడిచేసి లెక్కపెడుతూ.

కొనేవాళ్ళు మీటరే చూసేవారు.
ఎద్దుకి పళ్ళు చూసినట్టు
పెడల్ రబ్బరు అరుగుదలా, సీటు అంచు చిట్లూ,
స్టీరింగ్ మీద చేతులు ఆనేచోట నునుపూ
చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.
అలీటుస్ నుంచి వచ్చిన నర్సు ఒకామె చూడలేదు.
నా మొహం చూసింది.
"బాగుంటుందా?" అంది.
"బాగుంటుంది" అన్నాను.
అబద్ధమాడింది అంకె, నేను కాదు
అనుకుని ఆ రాత్రి బాగానే నిద్రపోయాను.

ఆరేళ్ళ కింద దీన్ని ఒక రైతు గడ్డివామి పక్కన కొన్నాను.
బానెట్ మీద కోళ్ళ రెట్ట, తలుపుల కింద
చేత్తో రాలిపోయే తుప్పు.
అంకె నమ్మలేదు.
నమ్మానని మాత్రం నాకు నేను చెప్పుకున్నాను.
తర్వాత గుమ్మాలకు రేకు అతికించాను,
బ్రేకు గొట్టాలు వంచాను,
రేడియేటరుకు రెండు శీతాకాలాలు పట్టింది.
పోయిన నెల బ్యాటరీ కింది పళ్ళెం తీస్తుంటే
తీగతో కట్టిన అట్టముక్క జారిపడింది.
ఆయిల్ మార్పు, బ్రెమెన్, మార్చి తొంభై రెండు, 3,17,640.
ఏడుకి నడుం మీద అడ్డగీత.
ఎవరో మెకానిక్, పేరు లేదు.
తన పని తాను రాసుకుని పోయాడు.

"మరి ఇప్పుడెంత పెడతావు?" స్కైస్తె అడిగింది.
నేను ఎంతకి దించానో గుర్తులేదు.
నా గీత పక్కన ఇంకో గీత ఉంది,
లోతైనది, తొందరలో గీసింది.
అది నాది కాదు.

కౌనాస్‌లో ఒకాయన రెసిన్‌తో పోసిచ్చిన కొత్త చక్రం వేశాను.
సూది తీశాను. అదే సూది కాదు, చెయ్యి అదే.
ఈసారి ముందుకి.
వెళ్ళడం పదకొండు నిమిషాలు పట్టలేదు,
మధ్యలో రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకోవలసి వచ్చింది.
3,17,640.
మూత లోపలి వైపు, ఎవరూ చూడని చోట,
పెన్సిల్‌తో ఒక్క మాట రాశాను: కనీసం.

గ్యారేజీల వరస దాటి మంచురోడ్డెక్కాం.
చివరి సున్నా కదల్లేదు, కదల్లేదు,
వణికింది,
ఒకటి పైకొచ్చింది.
స్కైస్తె చప్పట్లు కొట్టి, ఠక్కున ఆగింది.
"ఇంకా టకటకమంటోంది."

వింటున్నాను.
పదకొండో వాల్వు, కాస్త ఎక్కువే.
రేపు చల్లారాక మళ్ళీ చూడాలి.